స్తోత్రాల పెట్టెలో పడిన చీటీ

నాకు దేవుడి మీద ఎప్పుడూ అనుమానం లేదు. ఆయనకీ మాకూ మధ్య నడిచే రాకపోకల మీదే అనుమానం. మరీ ముఖ్యంగా మా గుడి గుమ్మం పక్కన బల్ల మీద ఉండే రెండు పెట్టెల మీద.

ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. పచ్చదంటే పసుపుపచ్చ. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే పనివాడి చేత చేయించి తెచ్చినవి. వాటి నునుపు ఎంతటిదంటే, ఈగ వచ్చి వాలితే జారి బల్ల మీద పడి, లేచి, చుట్టూ చూసి, ఎవరూ చూడలేదని నమ్మకం కుదిరాక ఎగిరిపోయేది. ఎర్ర పెట్టె విన్నపాలకి, పచ్చ పెట్టె స్తోత్రాలకి. కావలసినది చీటీ మీద రాసి ఎర్రదాంట్లో వేయాలి. అది జరిగాక ఇంకో చీటీ రాసి పచ్చదాంట్లో వేయాలి. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు రెండు పెట్టెలూ తెరిచి చదివేవారు. ఎర్రదాంట్లోవి చదివి “ప్రార్థిద్దాం” అనేవారు. పచ్చదాంట్లోవి చదివి “స్తుతిద్దాం” అనేవారు. మేం రెంటికీ ఒకే గొంతుతో ఆమెన్ అనేవాళ్ళం.

చీటీ రాయడానికి ఒక పద్ధతి ఉండేది. పేరు రాయకూడదు. సంజాయిషీలు రాయకూడదు. విషయం ఒక్క ముక్కలో రాసి చివర ‘గురించి’ అని పెట్టాలి. ‘చిన్నమ్మాయి టైపు పరీక్ష గురించి.’ ‘గేదె ఈనడం గురించి.’ అంతే. అది అడగడమో, అందినందుకు వందనాలు చెప్పడమో పెట్టె రంగే తేలుస్తుంది. ఈ పద్ధతి పెట్టింది పాస్టరుగారే. అంతకు ముందు జనం చీటీల మీద పురాణాలు రాసేవారు. ఒకావిడ తన ఆడపడుచు గురించి రాసిన విన్నపం చదవడానికి ఆయన మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు తాగవలసి వచ్చిందని, మూడోసారి నీళ్ళు అయిపోయాయని చెప్పుకునేవారు.

పేరు రాయకూడదన్న నియమం వల్ల ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు. ‘నడుం నొప్పి గురించి’ అని ఆయన చదవడమే ఆలస్యం, గుడిలో ఉన్న తలకాయలన్నీ మూడో వరస వైపు తిరిగేవి. మూడో వరసలో ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని, ఎవరిదో పాపం అన్నట్టు తనూ వెనక్కి తిరిగి చూసేది.

అయితే నా అనుమానం వేరే. ఎర్ర పెట్టె వారం వారం పొంగి మూత పడేది కాదు. పచ్చ పెట్టెలో ఒక సాలీడు మూడు తరాల నుంచి కాపురం ఉంటోంది. ఇన్ని విన్నపాలు పైకి వెళుతుంటే స్తోత్రాలు ఇంత తక్కువగా రావడం ఏమిటి? ఆయన చెయ్యట్లేదా, చేసినా వీళ్ళు చెప్పట్లేదా? ఈ ప్రశ్న నాకు తప్ప మా సంఘంలో ఎవరికీ వచ్చినట్టు లేదు.

నాకు రావడానికి కారణం నా వృత్తి. తొంభైల నడుమ నర్సీపట్నం బస్టాండు దగ్గర నాకు ఎస్టీడీ బూతు ఉండేది. అద్దం గదిలో నిలబడి ఒక పెద్దమనిషి, “నాను ఇంకా ఎస్. రాయవరంలోనే ఉండిపోనాను మాస్టారూ, బస్సు లేదు” అని ఫోన్లో చెప్పి, బయటకి వచ్చి, ఆ ఫోను అందుకున్న మాస్టారింటికి రెండు వీధుల అవతల ఉన్న హోటల్లో కూర్చుని పెసరట్టు తినడం కళ్ళారా చూశాను. రోజుకి అలాంటివి యాభై చూసినవాడికి అనుమానం అన్నది జబ్బు కాదు, నైపుణ్యం. అక్షరం రానివాళ్ళకి గుడి చీటీలు కూడా నేనే రాసిపెట్టేవాణ్ణి. అంటే దేవుడికి వెళ్ళే కబుర్లూ నా చేతి మీదుగానే వెళ్ళేవి.

ఇక మా ఇంటి సంగతి. మా పెద్దనాన్న గుడిలో హార్మోనియం, మా నాన్న డోలక్. పెద్దనాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన ఈల వేస్తే పిల్లలే కాదు, రోడ్డు మీద పోయే ఎడ్లబండ్లు కూడా కుడివైపుకి తిరిగేవి. నాన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్. స్తంభం మీద కూర్చుని కూడా వేళ్ళతో దరువు వేసేవాడు. ఆ ఇద్దరూ వాయిస్తుంటే గొలుగొండ పొలాల్లో చెరుకు ఒక కణుపు ఎక్కువ పెరిగేదని మా మామ్మ, అంటే వాళ్ళ తల్లి, అనేది.

ఒక క్రిస్మస్ నాడు ఆఖరి పాట ఆఖరి చరణంలో నాన్న కొంచెం జోరు పెంచాడు. ఇది పెద్దనాన్న కథనం. పెద్దనాన్నే నెమ్మదించాడని నాన్న కథనం. ఎవరిది నిజమో గాని, పెద్దనాన్న గబుక్కున హార్మోనియం తిత్తి మూసేశాడు. సంఘమంతా నోళ్ళు తెరిచి గాల్లో ఉండిపోయింది. కొందరు ఒక మాట ముందు దిగారు, కొందరు రెండు మాటల తర్వాత దిగారు, ఒక ముసలాయన మాత్రం ఏమీ పట్టనట్టు ఒంటరిగా పాట పూర్తి చేశాడు.

“నీకు తాళం తెల్దురా,” అన్నాడు పెద్దనాన్న.

“నీకు ఊపిరి సాలదు. మాటలెందుకు?” అన్నాడు నాన్న.

అన్నట్టే తొమ్మిదేళ్ళు మాటలు లేవు. కానీ గుడి మానలేదు, వాయించడమూ మానలేదు. ఆదివారం ఆదివారం రెండడుగుల దూరంలో కూర్చునేవారు. పాట నెంబరు చెప్పగానే ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకేసారి ఎత్తుకునేవారు. పాట ఇంచు తప్పేది కాదు. మాట్లాడని మనుషులు అంత బాగా ఎలా వాయిస్తారో నాకు అర్థమయ్యేది కాదు. దొంగతనంగా ఎక్కడో కలుసుకుని సాధన చేస్తున్నారేమోనని రెండు మూడు సాయంత్రాలు నాన్న వెనకాల సైకిలు మీద కూడా వెళ్ళాను. కిళ్ళీ కొట్టు దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు.

మామ్మ ఒక నెల మా ఇంట్లో, ఒక నెల పెద్దనాన్న ఇంట్లో ఉండేది. నెల మారిన రోజు నాన్న ఆవిణ్ణి ట్రంకు పెట్టెతో సహా రిక్షా ఎక్కించి, వీధి మలుపు దాకా పక్కనే నడిచి, అక్కడ ఆగిపోయేవాడు. మలుపు అవతల నుంచి పెద్దనాన్న వచ్చి రిక్షా పక్కన నడిచేవాడు. రెండు దేశాల వాళ్ళు సరిహద్దు దగ్గర ఖైదీని అప్పజెప్పుకున్నట్టు ఉండేది. మామ్మ రిక్షాలో మహారాణిలా కూర్చుని, ఇటు చూసి ఒకసారి, అటు చూసి ఒకసారి తిట్టేది.

ఆ తొమ్మిదో ఏడు మామ్మ కళ్ళలో పువ్వులు, అంటే శుక్లాలు, పూశాయి. విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషను చేయించాలన్నారు. వచ్చే నెలకి ఖాయం చేశారు. అప్పుడు వచ్చింది మామ్మ నా బూతుకి, గోడలు తడుముకుంటూ.

“ఒరే, ఒక సీటీ రాయి.”

“ఆపరేషను గురించా మామ్మా?”

“ఆపరేసనుకేటి, అది డాట్రు సూసుకుంటాడు. సేసాక బేగి అగుపడిపోతాదని అంటన్నాడు. అగుపడకపోతే? ఆడి కళ్ళు కావు కదా. ఈ ఉన్న సూపుతోనే నా ఇద్దరు గుంటల్నీ ఒక సాప మీద కూకోబెట్టి అన్నం తింటంటే సూడాల. అది రాయి.”

ఆ గుంటల్లో పెద్దవాడికి వచ్చే ఏడాది రిటైర్మెంటు. నేను నవ్వబోయి ఆవిడ మొహం చూసి మానేశాను. పద్ధతి ప్రకారం రాశాను: ‘అన్నదమ్ములిద్దరూ ఒక చాప మీద కలిసి భోంచేయడం గురించి.’

“ఏ పెట్టెలో వేయాలో తెలుసు కదా? నన్ను వేసెయ్యమంటావా?”

“నీ బాబు పుట్టకముందు నుంచీ ప్రార్థన సేస్తన్నాను నాను. నువ్వేటి నాకు పెట్టి సూపించీది?” అని చీటీ నా చేతిలోంచి లాక్కుని జాకెట్లో దోపుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం పాస్టరుగారు ఎర్ర పెట్టె చీటీలు చదవడం పూర్తి చేశారు. మామ్మ చీటీ రాలేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను. ఆయన అలవాటు కొద్దీ పచ్చ పెట్టె మూత ఎత్తి, సాలీణ్ణి పలకరించి మూసేయబోయి, ఆగి, లోపలికి చెయ్యి పెట్టారు. ఒక చీటీ పైకి వచ్చింది. దాని మడత చూడగానే మెడ సాచాను. ఆ మడత నాది.

“అన్నదమ్ములిద్దరూ ఒక చాప మీద కలిసి భోంచేయడం గురించి,” అని చదివారు పాస్టరుగారు. చదివి, కళ్ళజోడు సర్దుకుని, హార్మోనియం వైపు చూశారు, డోలక్ వైపు చూశారు. ఆయన మొహం మీద అనుమానం నడిచి వెళ్ళడం నేను చూశాను. కానీ ఇరవై ఏళ్ళ అలవాటు నోటిని ఆపుతుందా? “స్తుతిద్దాం,” అనేశారు.

సంఘం ఆమెన్ అంది. అలాంటి ఆమెన్ నేను మళ్ళీ వినలేదు. పైకప్పు పెంకులు రెండు అంగుళాలు లేచి మళ్ళీ వాటి చోట కూర్చున్నాయి. నాన్న చెయ్యి డోలక్‌కి అతుక్కుపోయింది. పెద్దనాన్న హార్మోనియం ఎవరూ నొక్కకుండానే ఒక మూలుగు మూలిగింది. మామ్మ ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కళ్ళు మూసుకుని, ఏ పాపం ఎరగనట్టు కూర్చుంది.

ఆరాధన అయ్యాక గుమ్మంలో జనం చుట్టుకున్నారు.

“వందనాలండీ లైన్‌మన్‌గారూ! ఏ రోజు కలిసినారండీ?”

“ఏటి కూరండీ?”

“మమ్మల్ని పిలవలేదేటండీ మాస్టారూ?”

వెనక నుంచి ఒకావిడ, “మొన్న శుక్రవారం ఆళ్ళ వీధిలోంచి వస్తంటే మసాలా వాసన గుప్పుమన్నాది. నానప్పుడే అనుకున్నాను,” అని సాక్ష్యం చెప్పింది. ఆ శుక్రవారం మా ఇంట్లో బీరకాయ పప్పు. గేటు దగ్గరికి వచ్చేసరికి జనం మాటల్లో అన్నదమ్ములు ఒకే కంచంలో తిన్నారు. రోడ్డు మీదికి వచ్చేసరికి ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెట్టుకుని ఏడ్చారు. జనం ఇంకో ఫర్లాంగు నడిచి ఉంటే వాళ్ళిద్దర్నీ ఉయ్యాల్లో పడుకోబెట్టి జోకొట్టేసేవారు.

విచిత్రం ఏమిటంటే ఆ ఇద్దరిలో ఒక్కరూ కాదని అనలేదు. నవ్వీ నవ్వనట్టు నవ్వి, చెరో దారిన వెళ్ళిపోయారు. ఎందుకో ఇంటికి వచ్చాక తెలిసింది.

“సూసినావా, అన్నయ్యే రాయించినాడు,” అన్నాడు నాన్న అన్నంలో చెయ్యి పెట్టి.

“బావగారా? ఆయనకంత మెత్తదనం ఎప్పుడొచ్చినాది?” అంది అమ్మ.

“వయసు అయిపోతన్నాది కదే. రావాలనుంది, నోరు రాక సీటీ ఏసినాడు. పోన్లే పాపం.” ఆ ‘పాపం’ అన్నప్పుడు నాన్న ఛాతీ చొక్కా గుండీలని పరీక్షించింది.

మర్నాడు పొద్దున్న పెద్దనాన్న నా బూతులోకి వచ్చాడు. అద్దం గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, రిసీవరు తలకిందులుగా పట్టుకుని, ఏ నెంబరూ నొక్కకుండా ఐదు నిమిషాలు “ఊఁ… ఊఁ…” అన్నాడు. బయటకి వచ్చి, అప్పుడే నేను అక్కడ ఉన్నట్టు గమనించినవాడిలా నిలబడ్డాడు.

“ఒరే, ఆ సీటీ రాత నీదేనని పాస్టరుగారి సేతిలో సూసాను. మీ నాన్న రాయించినాడేటి?”

“చీటీలు ఎవరు రాయించారో చెప్పకూడదు పెద్దనాన్నా. పద్ధతి.”

“సెప్పొద్దు. తల ఊపు సాలు.”

నేను తల ఊపాను. అవుననీ కాదు, కాదనీ కాదు, మెడ పట్టేసినవాడు దోమని తోలుకున్నట్టుండే ఊపు అది. ఆయనకి అది సరిపోయింది.

“నాకు తెల్సు. ఆడే. సిన్నప్పటి నుంచీ అంతే. తప్పు సేస్తాడు, తర్వాత ఏడుస్తాడు.” ఆయన కళ్ళు మెరిశాయి. అంతలోనే ఆ మెరుపు ఆరిపోయింది. “కాదురా, తినకుండా తిన్నామని స్తోత్రం సెప్పీడమేటి? దేవుడి దగ్గిర అబద్ధం అయిపోనాది కదా? సంఘమంతా ఆమెన్ కూడా అనీసినాది!”

పెద్దనాన్న డ్రిల్లు తప్పినా ఓర్చుకుంటాడు గాని ఇలాంటివి ఓర్చుకోలేడు. నేరుగా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, చెప్పిన స్తోత్రాన్ని వెనక్కి తీసుకోవడం కుదురుతుందా అని అడిగాడు. ఈ సంగతి పాస్టరుగారే సాయంత్రం బూతుకి వచ్చి నాతో అన్నారు.

“పెళ్ళికి క్రమం ఉంది, భూస్థాపనకి క్రమం ఉంది, స్తోత్రం వెనక్కి తీసుకోవడానికి మాత్రం క్రమం లేదండీ మాస్టారూ అన్నాను. సరిగ్గా గంట ముందు మీ నాన్నగారూ వచ్చి అదే ప్రశ్న అడిగి వెళ్ళారు.”

“మరేం చెప్పారండీ?”

“వచ్చే ఆదివారం లోపల ఇద్దరూ కలిసి తినేయండి, అప్పుడది అబద్ధం అవదు, కాస్త ముందుగా చెప్పినట్టు అవుతుంది అన్నాను. ఇద్దరికీ అదే చెప్పాను.” ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. “అక్షరాలు నీవి.”

“అక్షరాలే నావండీ. సంగతి నాది కాదు.”

“పచ్చ పెట్టె?”

“అదీ నాది కాదండీ.”

ఆయన నమ్మలేదు. జీవితంలో మొదటిసారి నిజం చెప్పి అనుమానం మూటగట్టుకున్నాను. రోజుకి యాభై మందిని అలా చూసేవాణ్ణి కదా, అవతలివాళ్ళకి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఏమీ బాగుండదు.

ఆ నెల మామ్మ మా ఇంట్లోనే ఉంది. నేను వెళ్ళేసరికి వరండాలో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

“మామ్మా, చీటీ ఏ పెట్టెలో వేశావు?”

“పెట్టిలోనే ఏసాను.”

“ఎర్రదాంట్లోనా, పచ్చదాంట్లోనా?”

“నాకు రెండూ ఒక్కలాగే అగుపడతన్నాయిరా బాబూ. కళ్ళు పోనాయి కదా,” అంటూ ఆవగింజకి మనవడయ్యేంత రాయిని పట్టుకుని ముంగిట్లోకి విసిరింది.

“మరి ఆ రాయెలా కనిపించింది?”

“అది సేతికి తగిలినాది.”

నేను చేట పక్కన గొంతుక్కూర్చున్నాను. “నిజం చెప్పు. కావాలనే వేశావు కదూ?”

మామ్మ చేటలో చెయ్యి పెట్టింది. బియ్యం అటూ ఇటూ తోసింది. “తొమ్మిదేళ్ళు అడిగినాను. పొద్దున్న అడిగినాను, పొద్దోయినాక అడిగినాను. ఒకనాడు నాకే సిగ్గేసినాదిరా. నువ్వు ఆకలని అంటావు. మీ అమ్మ ఉండు, ఉడుకుతన్నాది అంటాది. మల్లీ మల్లీ అడుగుతావేటి? సెయ్యి కడుక్కుని కంచం ముందల కూకుంటావు. ఆ పైనోడు పెట్టకుండా పోతాడేటి? అడగడం సాలించి సెయ్యి కడుక్కుందామనుకున్నాను.”

“అంటే కావాలనే వేశావు!”

“నానలా అన్నానా?” మామ్మ చేట ఎత్తి చెరుగుతూ లేచింది. “కళ్ళు అగుపడలేదన్నాను.”

ఇంతమంది అబద్ధాలు అద్దంలోంచి పట్టుకున్న నేను ఆవిడ దగ్గర ఏమీ తేల్చుకోలేకపోయాను. ఈ రోజుకీ తేలలేదు.

శుక్రవారం పెద్దనాన్న దగ్గర నుంచి మామ్మకి కబురు వచ్చింది. శనివారం పన్నెండున్నరకి తల్లిని చూడ్డానికి వస్తాడట. తల్లిని చూడ్డానికి భోజనాల వేళే ఎందుకో చెప్పలేదు. నాన్న, “వస్తే రమ్మను. అమ్మని సూడొద్దని ఎవలన్నారు?” అని, సైకిలెక్కి సంతకి వెళ్ళి, నాటుకోడి ఒకటి పట్టుకుని వచ్చాడు. అది కోడో నెమలో అన్నంత ఎత్తుంది. దాన్ని చూసి మా వీధి కుక్కలు పక్కకి తప్పుకున్నాయి.

శనివారం పెద్దనాన్న ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. పెద్దమ్మ గారెల గిన్నెతో నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. అమ్మా ఆవిడా పలకరింపులు కూడా లేకుండా ఏదో కబురు మధ్యలోంచి అందుకున్నారు. తోడికోడళ్ళిద్దరూ తొమ్మిదేళ్ళ నుంచి రేషను షాపు వరసలో నిలబడి మాట్లాడుకుంటూనే ఉన్నారని నాకు ఆ క్షణంలో తెలిసింది. బూతు పెట్టుకుని ఏం లాభం?

మామ్మ వెలుతురు చూసి వరండాలో చాప వేయించింది. అన్నదమ్ములిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది. నన్ను ఆ చివర కూర్చోమంది. తను వాళ్ళ ఎదురుగా, విస్తళ్ళకి జానెడు దూరంలో పీట వేసుకుంది. అంత దగ్గర నుంచి అయితేగాని ఆవిడకి మొహాలు ఆనవు. అమ్మ వేడన్నం, కోడికూర వడ్డించి లోపలికి వెళ్ళింది.

ఇంక భోజన ప్రార్థన చేయాలి. అక్కడ వచ్చింది చిక్కు. మా ఇళ్ళలో ఇంటి యజమాని నోరు తెరిచి పెద్దవాణ్ణి ప్రార్థన చెయ్యమని అడగాలి. అడగకుండా పెద్దవాడు మొదలుపెడితే అది దురుసుతనం. పెద్దవాడుండగా యజమాని మొదలుపెడితే అది పొగరు. అడగాలంటే మాట్లాడాలి. మాట్లాడాలంటే ఎవరో ఒకరు ముందు మాట్లాడాలి.

ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. చేతులు జోడించారు. ఎవరూ మొదలుపెట్టలేదు.

నేను ఒక కన్ను తెరిచాను. నాన్న ఎడమ కన్ను సన్నగా తెరిచి ఉంది. పెద్దనాన్న కుడి కన్నూ తెరిచే ఉంది. ఇద్దరూ ఒకరి పెదాల వైపు ఒకరు కాపు కాస్తున్నారు. అన్నం మీద ఆవిరి తగ్గింది. కూర మీద నూనె తెట్టు కట్టడం మొదలైంది. గోడ మీద కాకి ఒకటి వచ్చి మా ముగ్గుర్నీ పరిశీలించి, ఇవి బొమ్మలని తీర్మానించుకుని గోడ దిగి మెట్ల దగ్గరికి వచ్చింది. ఆ కాసేపట్లో గొలుగొండ బస్సు వెళ్ళి, జనాన్ని దింపి, తిరిగి కూడా వచ్చి ఉంటుంది.

ఏదో ఒకటి అను మామ్మా అన్నట్టు మామ్మ వైపు చూశాను. నిద్రలో కూడా నోరు మూయని మనిషి, ఆ రోజు పెదాలు బిగించుకుని కూర్చుంది. కళ్ళు విప్పార్చుకుని చూస్తోంది. రెండు చేతులతో పీట అంచులు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. చెయ్యి కడుక్కుని కూర్చున్నానని నాతో అంత ధీమాగా చెప్పిన మనిషికి భయం వేస్తోంది. ఇద్దరిలో ఎవరు లేచి వెళ్ళిపోయినా, ఆ మసక కళ్ళతో ఆవిడ ఆఖరుగా చూసేది అదే. ఇక్కడ పెంచి చెప్పడానికి నాకేమీ తోచట్లేదు. అది అంతే ఉంది.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

“అన్నం సల్లారిపోతన్నాది,” అన్నాడు. ఎవరితో అన్నాడంటే చాపతో అన్నాడు.

పెద్దనాన్న మూసిన కన్ను మూసినట్టే ఉంచి, తెరిచిన కన్ను కూడా మూసుకున్నాడు. “ఇల్లు నీది. నువ్వు కానీ.”

“నువ్వుండగా నానేటి సేసీది?”

కాకి ఒక మెట్టు ఎక్కింది.

“సెయ్యి అన్నయ్యా,” అన్నాడు నాన్న.

పెద్దనాన్న ప్రార్థన అంటే మా సంఘంలో పేరుపడ్డది. సృష్టితో మొదలై, సముద్రాలు, పర్వతాలు, ఢిల్లీలో ఉన్నవాళ్ళు, హైదరాబాదులో ఉన్నవాళ్ళు, మునిసిపాలిటీ కుళాయి, అన్నీ వరసగా తగిలి గాని అన్నం దగ్గరికి వచ్చేది కాదు. ఆకలి మీద ఉన్నవాళ్ళు ఆయన పక్కన కూర్చోకూడదని పెళ్ళిళ్ళలో ముందే చెప్పుకునేవారు. ఆయన గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. నేను సముద్రాలకి సిద్ధపడ్డాను.

“తండ్రీ,” అన్నాడు. “ఈ అన్నం… మా తమ్ముడు…”

అక్కడ ఆగిపోయాడు. స్కూలు మైదానం ఆ చివర నుంచి ఈ చివరకి వినిపించే గొంతు అది.

నాన్న కాసేపు చూశాడు. తర్వాత, ఆగిన చోటు నుంచే మెల్లిగా ఎత్తుకున్నాడు. “మా అన్నయ్య మా ఇంటికి వొచ్చినందుకు నీకు స్తోత్రం తండ్రీ. మా అమ్మ…”

“ఆమెన్!” అని అరిచింది మామ్మ. ఇంకొక్క మాట కలిపితే ఎవరో ఒకరు అందులో కూడా తప్పు పడతారని భయపడి ఉంటుంది. ఆ అరుపుకి కాకి గోడ దూకి పారిపోయింది.

ఇద్దరూ విస్తళ్ళలో చెయ్యి పెట్టారు. మూడు ముద్దలు దిగాయి. నాలుగో ముద్ద నములుతూ పెద్దనాన్న ఆగాడు. ఇంకా నమిలాడు. ఎడమ దవడ నుంచి కుడి దవడకి మార్చాడు.

“ముదురు కోడిరా ఇది.”

“ముదురేటి? లేత పెట్టలా ఉంది. నీ పళ్ళు సూపించుకో ముందు.”

“నా పళ్ళకేటి? చెరుకు ఇరగ్గొడతాను వీటితో. సంతలో నిన్నెవుడో పిచ్చోణ్ణి సేసినాడు. కోడిని కాలు సూసి కొనాలని సిన్నప్పుడే సెప్పినాను కదా?”

“ఎప్పుడు సెప్పినావు? నువ్వే ఒకపాలి తెల్లకోడని సెప్పి నల్ల పుంజుకి రంగేసినోడి దగ్గర కొనుక్కొచ్చినావు!”

“అది వర్షంలో తడిసినాది కాబట్టి తెలిసినాది గాని…”

వంటింట్లోంచి తోడికోడళ్ళు తొంగి చూసి, గొడవ అయిపోతోందేమోనని గాభరా పడి, విషయం కోడి అని తెలుసుకుని వెనక్కి వెళ్ళిపోయారు. తొమ్మిదేళ్ళ మాటలు ఆ ఒక్క కోడి మీద పడ్డాయి. దాని వయసు, జాతి, పెంచినవాడి గుణం, అమ్మినవాడి వంశం, అన్నీ తేలుతున్నాయి. వాదిస్తూనే నాన్న కూర గిన్నె అన్న వైపు జరిపాడు. పెద్దనాన్న తిడుతూనే మళ్ళీ వడ్డించుకున్నాడు.

మామ్మ విస్తరి ఖాళీగానే ఉంది. పీట మీద ఇంకొంచెం ముందుకి వంగింది.

“అమ్మా, నువ్వూ తినరాదేటి?” అన్నాడు పెద్దనాన్న.

“ఉండండిరా. మాటాడకండి,” అంది. వెంటనే చెయ్యి అడ్డంగా ఊపింది. “కాదు కాదు, మాటాడండి. మీ పాటికి మీరు తినండి. నాను సూస్తన్నాను.”

అప్పుడు గుర్తుకొచ్చింది, ఇందాక ప్రార్థనకి నేను ఆమెన్ అనలేదని. చూడ్డంలో పడి మర్చిపోయాను. ముద్ద విస్తట్లో పెట్టేసి, గొంతు తగ్గించి అన్నాను. ఎవరూ వినలేదు. వాళ్ళింకా కోడి దగ్గరే ఉన్నారు.